మితవ్యయముతో గృహాలంకరణ

గృహాలంకరణ మనగానే మొదట మన మనస్సునకు తోచునది దుకాణము. ఏదియో ఒకటి కొనవలెను, కొన్నదానిని గదిలో పెట్టవలెను, అంతటితో గది అందగించినట్లే నను నమ్మక మొకటి మనలో నాటుకొనియున్నది. పెండ్లిచూపుల దినము దగ్గరపడినకొలదియు ఈ నమ్మకము మరింత బలపడును. వాయిదాల మీద సోఫా వచ్చును, అద్దముల బీరువా వచ్చును. చూపులు ఒక గంటలో ముగియును. వాయిదాలు రెండేండ్లు సాగును. ఆ రెండేండ్లలో పిల్లవాని కాలేజీ జీతము కట్టవలసి వచ్చినప్పుడు ఆ తండ్రి ముఖమున కనబడు దిగులు ముందు ఏ సోఫా అందమును నిలువదు. కనుక అప్పు మాట తలపెట్టకుండ, చేతనున్న కొద్దిపాటి సొమ్ముతో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల ఇండ్లలో ఏమి చేయవచ్చునో ముచ్చటింతము.

మొదటి పని కాని ఖర్చు లేనిది. గదిలోని సామానంతయు ఒక పూట వసారాలోనికి చేర్చి, ఖాళీ గదిని ఒక్కసారి తేరిపార చూడవలెను. మధ్యతరగతి ఇంట ముందుగదియే పడకగది, అదియే చదువుల గది, ఒక్కొక్కచోట బియ్యపు బస్తాల కొట్టు కూడను. బయట పెట్టిన వానిలో తిరుగని ఫంకా, మూతలేని పెట్టె, ఎన్నేండ్లనాటివో క్యాలెండర్లు బయలుపడును. వీనిలో సగము మరల లోనికి రానవసరము లేదు. మిగిలినవి సర్దునప్పుడు కిటికీకి అడ్డుగా బీరువా పెట్టరాదు. బాపట్లకు సూర్యలంక సముద్రతీరము కూతవేటు దూరమే. సాయంకాలపు పైరగాలి ఏ దిక్కునుండి వచ్చుచున్నదో కనిపెట్టి, ఆ దారి విడిచిన ఇంటికి అంతకు మించిన అలంకారము లేదు.

ఇక గోడల సంగతి. మేము ఎక్కువసేపు చెప్పదలచినది దీనిని గురించియే. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని వాడుకగా పిలుచుదురు. నడుమ మూడు కాలువలు పారుచున్న ఊరికి వెనిస్ అని పేరు పెట్టినను నప్పెడిదేమో! ఆ కాలువలే ఆ సీమకు అన్నము పెట్టినవి; అవియే ఇండ్ల గోడలకు నెమ్మును ఇచ్చినవి. డెల్టాలోని నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. పైనున్న గోడలు ఆ కదలికకు పగుళ్లిచ్చును. రేపల్లె వైపు ఉప్పుగాలి దీనికి తోడు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున తీరము దాటిన మిచౌంగ్ తుపాను వంటివి వచ్చినప్పుడు గోడలు త్రాగిన నీరు ఆరుటకు నెలలు పట్టును.

ఇట్టి గోడకు ప్లాస్టిక్ కాగితము అంటించుట నేడు వేడుక అయినది. అది చవక, చూచుటకు ఇటుకల వలెను రాతి వలెను ఉండును. కాని లోని నెమ్ము బయటకు పోవు దారి మూసికొనిపోవును. కాగితము వెనుక నల్లని బూజు పెరుగును. ఉబ్బస మున్న బిడ్డ ఆ గోడ ప్రక్కనే పరుండినచో వాని దగ్గు హెచ్చుటలో వింత లేదు. నెమ్ము గోడకు సిమెంటు పూసినను ఇంచుమించు అంతే. నీరు సిమెంటు దాటి మరికొంత పైకి ప్రాకును.

నెమ్ము ఎచ్చటిదో తెలిసికొను ఉపాయ మొకటి కలదు. జానెడు ప్లాస్టిక్ షీటును నాలుగంచులా గాలి చొరకుండ గోడకు అంటించి, రెండు దినములు ఉంచవలెను. చెమ్మ గోడవైపున చేరిన, అది గోడలోనిది. గదివైపున చేరిన, అది గాలిలోనిది. అట్టిచో కిటికీ తెరచుటయే మందు. గోడలోనిదైనచో కప్పు కారుచున్నదో, గొట్టము కారుచున్నదో, నేల నుండి ఎక్కుచున్నదో చూచి, ముందు దానిని బాగుచేయించవలెను. పదివేల రూపాయలు చేతనున్న గృహిణి ఐదువేలు ఈ కనబడని పనికే వెచ్చించినను మేము తప్పు పట్టము.

తరువాత సున్నము. తాత లెరిగిన వస్తువు కనుక దీనిని తేలికగా చూచుచున్నాము గాని, గోడను ఊపిరి పీల్చనిచ్చు పూత ఇంత చవకగా మరియొకటి దొరకదు. బాగుగా తడిసి చల్లారిన సున్నమును పలుచని గుడ్డలో వడియగట్టి, తుమ్మజిగురు నీరు కలిపి, తడిపిన గోడకు పలుచగా మూడు పూతలు వేయవలెను. ఒకే చిక్కని పూత వేసినచో పెచ్చులూడును. మొదట పూసిన ప్లాస్టిక్ రంగును గీకివేయక తప్పదు. దానిమీద సున్నము నిలువదు. కండ్లలో పడకుండ అద్దాలు ధరించుట, పిల్లలను దూరముంచుట మరువరాదు. చివరి పూతలో చిటికెడు నీలిమందు కలిపిన తెలుపు తేటగా కనబడును. గది చిన్నదైనచో రంగుల కొరకు పాకులాడక కప్పును గోడలను తెల్లగానే ఉంచుట మేలు.

తెల్లని గోడ దీపపు ఖర్చును కూడ తగ్గించును. పూర్వపు 60 వాట్ల బల్బు దినమునకు 5 గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లు కాలును. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బునకు 1.35 యూనిట్లు చాలును. మిగిలిన దానితో నడికప్పున ఒక్క దీపమునకు బదులు చదువుకొను బల్ల దగ్గర ఒకటి, పడక దగ్గర ఒకటి పెట్టుకొనవచ్చును. పడక దగ్గర పసుపు వెలుగునిచ్చునది హాయి. మరీ తెల్లని వెలుగులో ఇంటివారందరును జ్వరపడి లేచినవారి వలె కనబడుదురు.

బట్టల విషయమున మన సీమ అదృష్టవంతమైనది. బాపట్లలో రైలెక్కిన కొద్దిసేపటికే చీరాల. అచ్చటి చేనేత దుప్పటి ఒక్కటి మంచము మీద పరచిన గదికి నిండుదనము వచ్చును. రేపల్లె వారు పెనుమూడి వంతెన మీదుగా కృష్ణ దాటి పులిగడ్డ చేరిన, ఆ వైపు బందరు, పెడన. అచ్చటి కలంకారీ బట్టను కరక్కాయ నీట ముంచి, చెక్క అచ్చులతో అద్ది, పారునీటిలో ఉతుకుదురు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో నానవేసి నలుపును తీయుదురు. ఇంత పని యున్నదని తెలియక, యంత్రముపై ముద్రించిన నకలును పది రూపాయలు తక్కువకు దొరికినదని కొనుట అచ్చు అద్దు చేతి కూడును తీయుటయే. చేతి అచ్చులో గీత గీతకు వెంట్రుకవాసి తేడా ఉండును; ఆ తేడాయే గుర్తు. కిటికీలన్నిటికి కొనలేనివారు ఒక గుమ్మమునకు మాత్రమే కొని, తక్కిన వానికి పాత నేత చీరలను కత్తిరించి కుట్టుకొనిన సరిపోవును.

పటములు ఎక్కువైన గోడ బజారు వలె నుండును. కూర్చున్నవారి కంటికి అందు ఎత్తున ఒక్క మంచి పటము చాలును. అద్దె వాటాలో మేకు కొట్టనీయని యజమానులుందురు; అట్టిచో బల్లపై ఆనించి పెట్టవచ్చును. కొండపల్లి బొమ్మలు ఇరువది కుక్కిన అద్దాల బీరువా కంటె, గూటిలో మూడు బొమ్మలు ముచ్చటగా నుండును. తెనాలికి చేరువనున్న తుమ్మపూడిలో చిత్రకారుడు, కళావిమర్శకుడు అగు సంజీవదేవ్ (1914–1999) కాపురముండెను. హిమాలయ సీమలు తిరిగి, నికొలస్ రోరిక్ వంటి చిత్రకారుని పరిచయము పొంది వచ్చియు, తన పల్లెలోనే సౌందర్యమును గురించి వ్రాసికొనుచు గడపెను. అభిరుచికి పట్టణ వాసమును పెద్ద ఖర్చును అవసరమనువారికి ఆయన పేరు చెప్పవచ్చును.

గుమ్మము ముందు ముగ్గు, గడపకు దుగ్గిరాల పసుపు, కుండీలో తులసి — ఇవి మేము చెప్పకయే మన స్త్రీలు నిత్యము చేయుచున్నవి. వారు వంగి చేయు ఆ పనిలో మగవారు కూడ పాలు పంచుకొనవచ్చును. సున్నపు బకెట్టు అందించుటకు ఎవ్వరి అనుమతియు అక్కరలేదు.

పని ఎప్పుడు మొదలిడవలెనని అడుగువారుందురు. అక్టోబరు, నవంబరు మాసముల వానలు తగ్గి, ఎండలు ముదురకముందే. సున్నము మెల్లగా ఆరినగాని గట్టిపడదు. చైత్రవైశాఖముల ఎండకు పొడియై రాలును. సంక్రాంతికి ముందు వెల్లవేయు వాడుక ఊరకే పుట్టినది కాదు. ఈ మార్గశిరమున జానెడు ప్లాస్టిక్ షీటు గోడకు అంటించి చూచినచో, పుష్యమునకు సున్నము నానవేయవచ్చును.