ఈగల గదిలో ఒక ఇల్లాలు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



వంటింట్లో అరటిపండ్లు నాలుగు రోజులు అలాగే వుండిపోతే ఏమవుతుంది? బాగా మగ్గిపోతాయి, వాటి మీద ఆవగింజంత ఈగలు ముసురుతాయి. మనం కొంగుతో విసిరి తోలేస్తాం. లేదా ఆ పండ్లను తీసుకెళ్ళి ఏ ఆవుకో పెట్టేస్తాం. అటువంటి ఈగల్ని పనిగట్టుకుని సీసాల్లో పెంచి, మేత పెట్టి, వాటి పిల్లల్నీ మనవల్నీ లెక్కపెట్టే చదువొకటి వుందంటే నేను మొదట నమ్మలేదు.

మా పెద్దమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీలో చేరిన ఏడాది సెలవులకు వస్తూ, దూదితో మూతులు బిగించిన నాలుగు సీసాలు వెంట తెచ్చింది. వాటినిండా ఈ ఈగలే. "అమ్మా, వీటికి మేత అయిపోవచ్చింది. కాస్త వండి పెట్టవూ" అంది. ఏమిటా వంట అంటే గోధుమరవ్వ, బెల్లం, నీళ్ళు, గట్టిపడటానికి అగర్ అనే పొడి. ఇంచుమించు మన రవ్వకేసరే, నెయ్యీ జీడిపప్పూ వుండవు, అంతే తేడా. పాతికేళ్ళుగా గరిటె పట్టుకున్నదాన్ని, ఈగలకు వంట చెయ్యటం మాత్రం అదే మొదటిసారి. "ఎందుకే ఇదంతా?" అని అడిగాను. అది చెప్పిన కథా, తరువాత అది తెచ్చిచ్చిన పుస్తకాల్లో కూడబలుక్కుని నేను తెలుసుకున్న సంగతులూ ఇవాళ మీ ముందుంచుతాను. నేను మెట్రిక్‌తో ఆగిపోయినదాన్ని. నాకు బోధపడిందంటే మీకు తప్పక బోధపడుతుంది.

అమెరికాలో న్యూయార్కు నగరంలో కొలంబియా యూనివర్సిటీ వుంది. 1910 ప్రాంతాల అక్కడ థామస్ హంట్ మోర్గాన్ అనే ఆచార్యుడు వుండేవారు. ఆయన లాబరేటరీ 16 అడుగుల వెడల్పు, 23 అడుగుల పొడవు వున్న ఒక్క గది. అందులో ఎనిమిది బల్లలు, ఎటు చూసినా పాలసీసాలు, ప్రతి సీసాలో ఈగలు, ఒక మూల వేలాడుతూ అరటిగెల. దానికి 'ఈగల గది' అనే పేరు వచ్చేసింది. స్టర్టివాంట్, బ్రిడ్జెస్ అనే కుర్రవాళ్ళు ఇద్దరూ అక్కడ చదువుకుంటూనే పనిచేసేవారు. బ్రిడ్జెస్ మొదట సీసాలు కడగటానికి కుదిరినవాడు. దళసరి సీసా అద్దంలోంచి ఒక ఈగ కంటి రంగులో తేడా పసిగట్టాడు. అంతే, కడిగే పని పోయి పరిశోధన పని వచ్చింది. స్టర్టివాంట్‌కు రంగులు సరిగా తెలియని లోపం వుండేది. అయినా 1911లో ఒక రాత్రంతా కూర్చుని, మర్నాటి కాలేజీ పాఠం పక్కన పడేసి, ఏ గుణం ఎక్కడ వుంటుందో చూపే పటాన్ని ప్రపంచంలో మొట్టమొదటిసారిగా గీసినవాడు అతడే. అది 1913లో అచ్చయింది.

ఈగల్నే ఎందుకు పెంచాలి అంటారా? మనుషుల్లో తాత నుంచి మనవడి దాకా చూడాలంటే అరవై ఏళ్ళు పడుతుంది. ఈ ఈగల్లో ఒక తరం పది పన్నెండు రోజులే. నెలలో మునిమనవల్ని కూడా చూడవచ్చు. పైగా ఒక్కొక్క ఆడఈగ వందల గుడ్లు పెడుతుంది. ఖర్చా, రెండు అరటిపండ్లు!

ఈ ఈగల కళ్ళు మామూలుగా ఎర్రగా వుంటాయి. 1910లో ఒక సీసాలో తెల్లకళ్ళ ఈగ ఒకటి కనబడింది. అది మగది. మోర్గాన్ దానికి ఎర్రకళ్ళ ఆడఈగల్ని జత చేశారు. పుట్టిన 1240 పిల్లల్లో మూడు తప్ప అన్నీ ఎర్రకళ్ళవే. తెల్లకళ్ళు మాయమైపోయాయనుకున్నారు. ఆ పిల్లలకు పిల్లలు పుట్టాక చూస్తే తెల్లకళ్ళవి మళ్ళీ 782 తేలాయి. అందులో ఒక్కటీ ఆడది కాదు, అన్నీ మగవే! తాతగారి కళ్ళు మనవలకే వచ్చాయి, మనవరాళ్ళకు రాలేదు. కంటి రంగుకూ, ఆడా మగా అనేదానికీ ఏదో ముడి వుందన్నమాట.

ఆ ముడి ఏమిటో తెలియాలంటే ఇంకొక స్త్రీని తలుచుకోవాలి. ఆవిడ పేరు నెట్టీ స్టీవెన్స్. బడిపంతులమ్మగా పనిచేసి, డబ్బు కూడబెట్టుకుని, ముప్ఫై అయిదో ఏట యూనివర్సిటీ చదువులో చేరింది. బ్రిన్ మార్ అనే స్త్రీల కళాశాలలో పరిశోధన చేసింది. మోర్గాన్ ఆవిడకు గురువుల్లో ఒకరు. 1905లో ఆవిడ పరీక్షించింది దేన్నో తెలుసా? పిండిపురుగును. మన పిండిడబ్బాల్లో పట్టే పురుగుకు దగ్గరి చుట్టం. ప్రతి జీవకణంలోనూ క్రోమోజోములనే సన్నని పోగులుంటాయి. ఆ పురుగులో ఆడదానికి ఇరవై పోగులూ పెద్దవే. మగదానికి పంతొమ్మిది పెద్దవి, ఒకటి మాత్రం చిన్నది. తండ్రి బీజకణాల్లో సగం పెద్దపోగును తీసుకెళతాయి, సగం చిన్నపోగును తీసుకెళతాయి. పెద్దది అందితే ఆడ, చిన్నది అందితే మగ. తల్లి అండంలో ఎప్పుడూ పెద్దదే వుంటుంది. మనుషుల్లోనూ ఇదే పద్ధతి. పెద్దదాన్ని ఎక్స్ అంటారు, చిన్నదాన్ని వై అంటారు.

సోదరీమణులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. మా రెండో అమ్మాయి పుట్టినప్పుడు నేనింకా లేచి కూర్చోలేదు. మంచం దగ్గరకే వచ్చి "మళ్ళీ ఆడపిల్లేనా, నీ కడుపు అంతేనా" అని అడిగిన పెద్దలున్నారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏదో తప్పు చేసినట్టు చాలాకాలం తలవంచుకు తిరిగాను. ఆ మాట అనకముందే ఎన్నో దశాబ్దాల క్రితం ఒక పంతులమ్మ పిండిపురుగులో దీనికి జవాబు చూసింది. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్ ఒక్కటే. ఆడా మగా అన్నది తండ్రివైపు నుంచి వచ్చే పోగును బట్టి వుంటుంది. అలాగని ఈ నింద తీసుకెళ్ళి మగవారి నెత్తిన పెట్టమని నేను చెప్పటం లేదు. ఏ పోగు అందేదీ ఆయన ఎంచుకోలేదు గదా! అసలు ఆడపిల్ల పుట్టటం నేరమైతే గదా, నేరస్థుల్ని వెదకటానికి!

మళ్ళీ ఈగల దగ్గరికి వద్దాం. కంటిరంగు గుణం ఈ ఎక్స్ పోగు మీద వుంది. కొడుక్కి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. అందుకని తెల్లకళ్ళ తల్లికి, ఎర్రకళ్ళ తండ్రికి పుట్టిన కొడుకులు తల్లిలా తెల్లకళ్ళతోనూ, కూతుళ్ళు తండ్రిలా ఎర్రకళ్ళతోనూ పుడతారు. ఆడపిల్లకు తండ్రి పోలిక, మగపిల్లవాడికి తల్లి పోలిక వస్తే అదృష్టమని మన పెద్దలంటారు చూశారూ, ఈగలు ఆ మాట అక్షరాలా పాటిస్తాయి! మనుషుల్లో ముక్కూ మొహమూ ఇంత తేలికగా తేలవు. కానీ ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోవటం, గాయమైతే రక్తం గడ్డకట్టకపోవటం లాంటి కొన్ని లోపాలు ఇదే దారిలో, ఏ బాధా లేని తల్లి ద్వారా కొడుకులకు సంక్రమిస్తాయి. స్టర్టివాంట్‌కున్న లోపం సాధారణంగా మగవారిలోనే ఎక్కువ కనబడటానికి కారణం ఇదే.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న ఇల్లాలి సంగతి. ఆవిడ మోర్గాన్ గారి భార్య, లిలియన్. 1870లో పుట్టింది. మూడేళ్ళ పసితనంలోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని అమ్మమ్మగారింట పెరిగింది. బ్రిన్ మార్ కళాశాలలో 1891లో పట్టం పుచ్చుకుంది, 1894లో ఎం.ఏ. చేసింది. ఆ పై చదువులో మోర్గాన్ ఆవిడకు గురువు. పరిశోధన వ్యాసాలు సొంతపేరుతో అచ్చువేసుకున్న మనిషి. 1904లో ఇద్దరికీ పెళ్ళయింది. 1906 నుంచి 1911 లోపల నలుగురు పిల్లలు, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు. ఆయన ఈగల గదిలో వున్నారు, ఆవిడ ఇంట్లో వుంది. ఇంచుమించు పదిహేనేళ్ళు మైక్రోస్కోపు ముట్టుకోలేదు. ఆ పదిహేనేళ్ళలోనే ఈగల గది లోకప్రసిద్ధమైంది.

చిన్నపిల్ల కూడా బడికి అలవాటు పడ్డాక, యాభై ఏళ్ళ వయసులో ఆవిడ మళ్ళీ లాబరేటరీకి వెళ్ళింది. అప్పటికి అక్కడున్న కుర్రవాళ్ళంతా పేరు మోసినవారు. ఆవిడకు ఉద్యోగమూ లేదు, జీతమూ లేదు. ఒక బల్ల ఇచ్చారు, అంతే.

1921లో ఒకరోజు ఆవిడ కంట ఒక వింత ఈగ పడింది. ఈథర్ మత్తు వదిలి ఆ ఈగ కాస్తా ఎగిరిపోయిందట. ఆవిడ గదంతా వెదికి, వెలుతురుకు పోయి వుంటుందని ఊహించి, కిటికీ దగ్గర దాన్ని పట్టుకుందని చెబుతారు. పారిన సూది కోసం చాపంతా తడిమే ఓపిక మనకు కొత్త కాదు గదా!

ఆ ఈగ సంతతి తీరు మాత్రం తలకిందులుగా వుంది. కూతుళ్ళంతా అచ్చం తల్లిలాగే పసుపుపచ్చగా, కొడుకులంతా అచ్చం తండ్రిలాగే. అడ్డుపోలిక ఎక్కడా లేదు. ఎందుకిలా? మనం అప్పుడప్పుడు కవల అరటిపండు చూస్తాం, రెండు పండ్లు ఒకే తొక్కలో అతుక్కుని వుంటాయి. తింటే కవలలు పుడతారని కొత్తకోడళ్ళను తిననివ్వం. ఆ తల్లిఈగలో రెండు ఎక్స్ పోగులూ సరిగ్గా అలా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడిపోవు, ఇస్తే రెండూ కలిపే ఇవ్వాలి. ఆ జంట అందిన పిల్ల ఆడది, తల్లి పోలికది. అది అందని పిల్ల తండ్రి ఇచ్చిన ఎక్స్ ఒక్కదానితోనే బతకాలి, అది మగది, తండ్రి పోలికది. లిలియన్ ఊహతో సరిపెట్టుకోలేదు. మైక్రోస్కోపు కింద ఆ అతుకును కళ్ళారా చూసి, 1922లో సొంతపేరుతో ప్రకటించింది. గుణాలు క్రోమోజోముల మీదే ప్రయాణం చేస్తాయన్న మాటకు అదొక గట్టి సాక్ష్యం. ఆవిడ కనిపెట్టిన ఈగల వంశం ఎన్నో లాబరేటరీలకు పనిముట్టయింది. మగఈగ ఎక్స్ పోగులో ఏ మార్పు వచ్చినా వెంటనే కొడుకుల్లో బయటపడుతుంది గదా!

1928లో వాళ్ళు కాలిఫోర్నియా రాష్ట్రంలో పాసడీనాకు మారారు. 1933లో మోర్గాన్‌కు నోబెల్ బహుమానం వచ్చింది. ఆ డబ్బులో వాటా తన పిల్లలతోపాటు బ్రిడ్జెస్, స్టర్టివాంట్ల పిల్లలకూ పంచారాయన. అదే ఏడు లిలియన్ ఇంకొక వింత ప్రకటించింది. ఈసారి ఎక్స్ పోగు రెండు కొసలూ కలిసిపోయి గాజులా గుండ్రంగా వుంది. ఆయన 1945లో పోయారు. ఆవిడకు మొదటిసారి ఒక హోదా, రిసెర్చి అసోసియేట్ అనే పేరు, ఎప్పుడిచ్చారో తెలుసా? 1946లో, డెబ్భై ఆరో ఏట. 1952లో కన్నుమూసింది.

ఆఖరి కూతురు ఇసబెల్ కూడా శాస్త్రజ్ఞురాలే. పోలియో క్రిమిని చంపి, దాన్నే టీకాగా ఇస్తే కోతులకు ఆ జబ్బు రాకుండా ఆపవచ్చునని 1948 నాటికి తన తోటివారితో కలిసి రుజువు చేసింది. 1949లో పెళ్ళి చేసుకుని ఆ పని మానేసింది. మనుషులకు అటువంటి చంపిన క్రిమి టీకా 1955లో వచ్చింది, దాని పేరు చెబితే అందరికీ సాల్క్ గుర్తుకు వస్తారు. 1958లో వార్మ్ స్ప్రింగ్స్ అనేచోట పోలియోపై పనిచేసిన 15 మంది శాస్త్రజ్ఞుల కంచు ప్రతిమలు పెట్టారు. అందులో ఇసబెల్ ఒక్కతే స్త్రీ.

తల్లి పదిహేనేళ్ళు ఆగి వెనక్కి వచ్చింది. కూతురు తలుపు దాకా వచ్చి వెళ్ళిపోయింది. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని నేను తీర్పు చెప్పను. ఎవరి సంసారం వారికి తెలుసు. లిలియన్‌కు మొగుడే ఆచార్యుడు, లాబరేటరీ తలుపు తెరిచే వుంది, మనలో ఎందరికి ఆ వీలుంది? అదీ నిజమే. కానీ నన్ను కదిలించింది ఆ యాభయ్యో ఏడు. మెట్రిక్ పాసయ్యాక చదువు ఆపించి పెళ్ళి చేసినప్పుడు నా పుస్తకాలు అటకెక్కాయి. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక భయపడుతూ ఒక ప్రసంగం రాసి రేడియో స్టేషనుకు పంపాను. మొదటిరోజు మైకు ముందు నా చేతిలో కాగితం గలగలలాడింది. ఈ వయసులో ఇదేమిటని నవ్వినవారూ వున్నారు. ఆవిడ కథ అప్పుడే తెలిసివుంటే ఇంకొక నాలుగేళ్ళు ముందే రాసేదాన్నేమో!

అందుకని ఇంట్లో పెద్దవాళ్ళకు నా మనవి ఒకటే. మీ కోడలికో కూతురికో చదువు మీదో, పని మీదో మనసుంటే, పిల్లలు బడికి వెళ్ళిన ఆ నాలుగు గంటలు ఆమెకు వదలండి. ఒక మూల ఒక బల్ల వేసి ఇవ్వండి. ఆ బల్ల మీద ఏం తేలుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. మోర్గాన్‌కూ తెలియదు.

అన్నట్టు, మా అమ్మాయి తిరిగి వెళుతూ సీసాలు పట్టుకుపోయింది గాని, ఒకటి రెండు ఈగలు మా వంటింట్లోనే వుండిపోయినట్టున్నాయి. ఇప్పుడు అరటిపండ్ల మీద ఈగ వాలితే తోలేముందు ఒకసారి వంగి చూస్తాను, కళ్ళు ఎరుపో తెలుపో అని. ఇంతవరకు అన్నీ ఎరుపే.