వరుసలో నిలబడటం మనకు కొత్త కాదు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9న మన సభల్లో థింసా ఉంటుంది, డప్పు ఉంటుంది, హక్కుల మీద ఉపన్యాసాలు ఉంటాయి. ఈసారి వాటి మధ్యలో ఎన్‌సీసీ గురించి ఒక మాట చెప్పాలనుకున్నాం. "సంస్కృతి సంఘానికి ఎన్‌సీసీతో ఏం పని?" అని మా కార్యవర్గంలోనే ఒకరిద్దరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మొదట భయం సంగతి. ఎనిమిదో తరగతి పిల్ల ఎన్‌సీసీలో చేరతానంటే ఇంట్లో అమ్మ మొదట అడిగేది "పట్టుకెళ్లి బోర్డరుకు పంపేస్తారా?" అని. పంపరు. నేషనల్ క్యాడెట్ కోర్ 1948లో చట్టం చేసి పెట్టిన సంస్థ. మరుసటి ఏడాదే బాలికల విభాగం వచ్చింది. అది రక్షణ శాఖ కింద నడుస్తుంది, నేర్పించేవాళ్లలో సైన్యం నుంచి వచ్చిన హవల్దార్లు, సుబేదార్లు ఉంటారు. కానీ క్యాడెట్ సైనికుడు కాడు. సైన్యంలో చేరి తీరాలన్న షరతు ఆ చట్టంలోనే లేదు. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీల్లో ఎన్‌సీసీని తప్పనిసరి చేశారు, 1968లో ఆ నిర్బంధం తీసేశారు. ఇవాళ ఇష్టమున్నవాళ్లే చేరతారు, ఇష్టం లేకపోతే మానేయవచ్చు.

ఇంకో భయం ఉంది. అది ఇంత తేలిగ్గా పోయేది కాదు. ఖాకీ బట్ట అంటే మన ఊళ్లల్లో ఎవరికి ఏం గుర్తొస్తుందో మాకు తెలుసు. పోడు కొట్టుకుంటే వచ్చినవాడిదీ ఖాకీయే, కట్టెల మోపు లాక్కున్నవాడిదీ ఖాకీయే. వందేళ్ల కిందట రంప పోరాటాన్ని అణచడానికి మలబార్ స్పెషల్ పోలీసును దింపారు, చాలకపోతే అస్సాం రైఫిల్స్‌ను తెచ్చారు. "ఆ బట్ట నా మనవడి ఒంటి మీదా?" అని ఒక తాత అంటే అది అమాయకత్వం కాదు, జ్ఞాపకం. ఆయనతో వాదించకండి. చేసి వచ్చి, చేసిందేమిటో చూపించండి.

ఇక అసలు విషయం. కవాతులో నేర్పేది ఏమిటి? మొదట వరుస. పొడుగు ప్రకారం నిలబడటం, సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, తేజ్ చల్, థమ్. కమాండు రెండు ముక్కలుగా వస్తుంది. "దాహినే" అని సాగదీసి ఆపుతారు, తర్వాత "ముడ్" అని పడుతుంది. మధ్యలో ఉన్న ఆ ఒక్క క్షణం ఒళ్లంతా చెవి చేసుకుని ఉండాలి. ముందే తిరిగినా తప్పే, ఆలస్యమైనా తప్పే.

మన పిల్లలకు ఇది కష్టమా? ఇంట్లో కువి లేదా ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, మైదానంలో హిందీ కేకలు. భాష మొదటి నెల ఇబ్బంది పెడుతుంది, అంతే. అడుగు కలపడం మాత్రం మనకెవరూ నేర్పక్కర్లేదు. థింసాలో చేతులు వీపుల వెనక పెనవేసుకుని పదిహేను మంది ఒక్క ఒళ్లులా కదులుతారు. మోరి ఊదేవాడు పాట మారిస్తే అడుగు మారుతుంది, ముందున్నామె ఎటు లాగితే వరుస అటు వంపు తిరుగుతుంది. అందులో ఎవరూ "ఏక్, దో" అని అరవరు. కవాతు చూసి ఇది గొప్ప క్రమశిక్షణ, థింసా ఆటవిడుపు అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

అడవి పాఠం చూడండి. ఎన్‌సీసీలో ఫీల్డ్ క్రాఫ్ట్ అని ఒక అంశం ఉంది. "వస్తువులు ఎందుకు కనబడతాయి" అన్నది అందులో మొదటి పాఠాల్లో ఒకటి. ఆకారం వల్ల, నీడ వల్ల, మెరుపు వల్ల, వెనక ఖాళీ ఆకాశం ఉండటం వల్ల, అన్నిటికంటే కదలిక వల్ల. కాబట్టి కొండ అంచు మీద నిలబడకు, నీడలో ఉండు, నీడ జరిగితే నువ్వూ జరుగు, ఉన్నట్టుండి కదలకు. ఈ పాఠం విన్న మన కుర్రాడొకడు "ఇటుకల పండగ వేటకు మా చిన్నాన్న వెంట వెళ్లినప్పుడు ఇవే చెప్పి తిట్టాడు" అన్నాడు. గురి చూపించడానికి గడియారం పద్ధతి ఒకటుంది. ఎదురుగా ఉన్న ఒంటి తాడిచెట్టును గడియారం మధ్య అనుకుని "నాలుగు గంటల వైపు, పొద" అని చెబుతారు. మ్యాపులో ఉత్తరం పట్టుకోవడం, దూరం కంటితో అంచనా వేయడం, ఇవన్నీ కొండ మీద పశువులు కాసిన పిల్లకు సగం వచ్చిన విద్యలే. సైన్యం వాటికి పేర్లు పెట్టింది, వరుసలో పెట్టింది, పరీక్ష పెట్టింది. ఆ పేర్లు నేర్చుకోండి. మీ దగ్గర ఉన్న తెలివికి కాగితం మీద విలువ వచ్చేది అలాగే.

మరి మనకు లేనిదేమిటి? ఇక్కడే మేము మీతో గట్టిగా మాట్లాడాలి.

ఆశ్రమ పాఠశాలలో పెరిగిన పిల్లకు వరుస కొత్త కాదు. తెల్లవారి గంట కొడితే వరుస, ప్రార్థనకు వరుస, కంచం పట్టుకుని వరుస, రాత్రి హాజరుకు వరుస. చెప్పింది చేయడం, ఎదురు చెప్పకపోవడం అయిదో ఏటి నుంచే వచ్చేసింది. సైనిక శిక్షణలో మొదటి సగం ఇదే, విధేయత. ఆ సగం దగ్గరే మన పిల్లలు ఆగిపోతే ఎన్‌సీసీ వల్ల వాళ్లకు కొత్తగా వచ్చేదేమీ లేదు. ఇంకో గంట వరుసలో నిలబడినట్టే.

రెండో సగం ఉంది. వరుసలోంచి మూడడుగులు ముందుకు వచ్చి, వెనక్కి తిరిగి, ముప్పై మంది ముఖాల్లోకి చూస్తూ కమాండు ఇవ్వడం. గొంతులోంచి కాదు, పొట్టలోంచి. ఆ కేక తప్పు కాలి మీద పడితే వరుస చెదురుతుంది, బాధ్యత నీదే. తర్వాత పది మంది సెక్షన్‌ను నీకు అప్పగిస్తారు. వాళ్లలో ఒకరు బూటు లేకుండా వస్తే, ఒకరికి జ్వరం వస్తే, ఒకరు అలిగితే చూసుకోవాల్సింది నువ్వు. లాన్స్ కార్పొరల్, కార్పొరల్, సార్జెంట్ అని చేతికి కుట్టే పట్టీలకు అర్థం ఇదే.

ఎన్‌సీసీ చేసిన మన పిల్లలతో ఈ మధ్య కూర్చుని మాట్లాడాం. డ్రిల్లులో బాగున్నామన్నారు, పరుగులో ముందున్నామన్నారు. "సెక్షన్ కమాండరు ఎవరు?" అంటే చాలామంది తల దించుకున్నారు. ఒక క్యాంపులో మన పిల్లలందరినీ బరువులు మోయడానికి, గుడారాలు వేయడానికి పెట్టి, కమాండు ఇచ్చే పని టౌను బడుల వాళ్లకు ఇచ్చారట. "వీళ్లు గట్టివాళ్లు, కష్టం చేస్తారు" అని మెచ్చుకున్నారట కూడా. ఆ మెచ్చుకోలుతో జాగ్రత్త. మన తాతల నుంచి అందరూ మనల్ని అలాగే మెచ్చుకుంటున్నారు. గుడారం వేయండి, తప్పులేదు. వేశాక చెయ్యెత్తి "సార్, రేపు కమాండు నేను ఇస్తాను" అని అడగండి. ఆడపిల్లలు మరీ అడగండి.

ఈ రెండో సగం మన చరిత్రలో లేనిది కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు తెచ్చుకున్నవాళ్లు జీతం తీసుకున్న సైనికులు కాదు. మూడు రోజుల్లో మూడు చోట్ల అంటే ఎవరు ముందు నడవాలి, ఎవరు దారి కాయాలి, ఎవరు మందుగుండు మోయాలి అన్నది ముందే తేలి ఉండాలి. అల్లూరి సీతారామరాజు పేరు దేశమంతా తెలుసు. ఆయన పక్కన గాం గంటం దొర, గాం మల్లు దొర ఉన్నారు. ఏళ్ల తరబడి జైలు అనుభవించిన మల్లు దొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తుపాకీ పట్టినవాడు తర్వాత మాట పట్టాడు. మీరు పరీక్షల కోసం ఎన్నో పేర్లు చదువుతారు, ఈ పేరు కూడా చదవండి.

దగ్గరి కాలంలోంచి ఒక సంగతి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే పల్లె పిల్ల, సంక్షేమ గురుకులంలో చదివింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఎక్కాడు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లోని హిమాలయన్ పర్వతారోహణ సంస్థలో, లదాఖ్ చలిలో వాళ్లకు శిక్షణ ఇచ్చారు. అందరూ ఆమె ధైర్యం గురించి చెబుతారు. మేము ఇంకోటి గమనించమంటాం. అంత ఎత్తున ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కదలాలో చెబితే వినాలి, నీ తాడు పట్టుకున్నవాడి కోసం నువ్వూ నిర్ణయం తీసుకోవాలి. వినడం, చెప్పడం రెండూ ఒకే తాడు మీద ఉంటాయి.

సైనిక పద్ధతిలో మనం తీసుకోకూడనిదీ ఉంది. ఊళ్లో పెద్దల కూటమి కమాండుతో నడవదు. అందరూ మాట్లాడేదాకా, ముసలమ్మ కూడా తన మాట చెప్పేదాకా కూర్చుంటారు. ఆలస్యమవుతుంది, విసుగొస్తుంది, అయినా ఆ తీర్పు నిలబడుతుంది. రెండు స్టార్ల సర్టిఫికెట్టు తెచ్చుకుని వచ్చి రచ్చబండ దగ్గర "సావధాన్" అంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. గొంతు మాత్రం అక్కడ కావాలి. 1996 పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకు అధికారం ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా దరఖాస్తు మొదలయ్యేదీ గ్రామసభలోనే. అధికారి వచ్చి కాగితం చదివి "అందరికీ సమ్మతమేనా?" అంటే మన ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్నే సమ్మతి అని రాసుకుని పోతారు. అప్పుడు వరుసలోంచి మూడడుగులు ముందుకు వచ్చి "కాదు సార్, ఆ పేరా మళ్లీ చదవండి" అనే పిల్ల కావాలి. మా సంఘానికి ఎన్‌సీసీతో పని అదీ.

ఇక పనికొచ్చే వివరాలు, రాసుకోండి. హైస్కూల్లో జూనియర్ విభాగం. సాధారణంగా ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో రెండేళ్లు చేస్తారు. నూటికి డెబ్బై అయిదు హాజరు, ఒక క్యాంపు ఉంటే 'ఎ' సర్టిఫికెట్ పరీక్ష రాయవచ్చు. తొమ్మిదిలోకి వచ్చాక తెలిసిందంటే సమయం చాలదు, అందుకే ఎనిమిదిలో అడగమంటున్నాం. కాలేజీలో 'బి', 'సి' ఉంటాయి. 'సి' సర్టిఫికెట్ మంచి గ్రేడుతో ఉండి డిగ్రీ యాభై శాతంతో పాసైతే రాత పరీక్ష లేకుండా నేరుగా సైనిక అధికారుల ఎంపిక ఇంటర్వ్యూకు దారి ఉంది. సైనిక్ స్కూలు కావాలనుకుంటే కోరుకొండలో 1962 నుంచి ఒకటుంది, కలికిరిలో ఇంకోటి. ఆరు, తొమ్మిది తరగతులకు ప్రవేశ పరీక్ష, ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లు, ఇప్పుడు ఆడపిల్లలకూ ప్రవేశం ఉంది. తెలంగాణలో చదివే మన పిల్లలకు వరంగల్ జిల్లా అశోక్‌నగర్‌లో గిరిజన గురుకులాల సైనిక్ పాఠశాల ఉంది.

మీ బడిలో ఎన్‌సీసీ లేదా? చాలా బడుల్లో లేదు. బెటాలియన్‌కు దరఖాస్తు పెట్టాల్సింది ప్రధానోపాధ్యాయులు. ఆ కాగితం కదలాలంటే ఊరి నుంచి, పాఠశాల కమిటీ నుంచి తీర్మానం వెళ్తే బలం. తీర్మానం నమూనా మా దగ్గర ఉంది. భోజనాలయ్యాక థింసాకు ముందు మా బల్ల దగ్గరకు రండి. ఎనిమిదో తరగతి వాళ్లు ముందు రండి.

జోహార్.