అడవి కావలివాడి ముఖం

పురాణాల్లోని వింతజీవులు చిత్రకళలో ఎలా కనిపిస్తాయన్న అంశానికి భద్రాచలం అడవి అంచును వేదికగా ఎంచుకున్న నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఈ చోటే నా ఉపన్యాసానికి దారి చూపింది. అడవిని కాచేవాడికి మన చిత్రకారులు కోరలు ఎందుకు పెడతారన్నదే నా ప్రశ్న.

దూరపు కథతో మొదలుపెడతాను. బాబిలోనియన్ల గిల్గమేష్ కావ్యంలో దేవదారు అడవికి హుంబాబా కావలి. ఎన్‌లిల్ దేవుడే అతణ్ని అక్కడ నిలిపాడు. ఉరుక్ రాజు గిల్గమేష్, నేస్తం ఎంకిడుతో కలిసి కీర్తి కోసం వెళ్లి అతణ్ని చంపుతాడు. చెట్లు నరికి, ఓ మహావృక్షంతో నిప్పూరు గుడికి తలుపు చేయించి, తెప్ప కట్టి యూఫ్రటీసు మీద సాగుతారు. ఈ అడవుల కలప గోదావరి మీద తేలుతూ రాజమహేంద్రవరం చేరిన చరిత్ర తెలిసిన మనకు ఆ తెప్ప కొత్తది కాదు.

బ్రిటిష్ మ్యూజియంలో సిప్పరు నగరానికి చెందిన చిన్న మట్టి ముఖం ఒకటి ఉంది. వయసు మూడున్నర వేల ఏళ్లకు పైమాటే. చుట్టలు తిరిగిన పేగులాగా ఒకే గీత మెలికలు పోతూ కళ్లు, ముక్కు, నోరు అవుతుంది. అది హుంబాబా ముఖం. బలిపశువు పేగుల్లో శకునం చూసే జోస్యులకు పనికొచ్చిన బొమ్మ. భయాన్ని ఒక్క గీతలో పట్టిన ఆ శిల్పి చెయ్యి గొప్పది. యువ చిత్రకారులు దాన్ని చూసి తీరాలి.

అయితే ఆ ముఖంతోనే కథ ముగియలేదు. 2011లో ఇరాక్‌లోని సులేమానియా మ్యూజియం ఒక మట్టిపలకను సేకరించింది. పండితులు ఫారూఖ్ అల్-రావి, ఆండ్రూ జార్జ్ దాన్ని చదివి 2014లో ప్రచురించారు. కావ్యంలోని అయిదో పలకలో అంతవరకు తెలియని పంక్తులు బయటపడ్డాయి. అడవి నిండా పక్షుల కూతలు, కీచురాళ్ల రొద, కోతుల కేకలు. అదంతా హుంబాబాకు కొలువు సంగీతం! అడవిని బీడు చేశామే, ఎన్‌లిల్‌కు ఏమని జవాబు చెప్పాలి అని ఎంకిడు కుములుతాడు. నరికినవాడి నోటే ఆ మాట పలికించిన కవికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇక మన కథకు వస్తే, ఇక్కడికి దగ్గరలోనే రామాయణంతో ముడిపడిన పర్ణశాల. అరణ్యకాండలో ఖరదూషణులతో పాటు పద్నాలుగు వేల మంది రాక్షసులు కూలుతారు. ఆ ఘట్టాన్ని గీసిన బొమ్మల్లో అడవిలో ఉన్న ఆ రాక్షసులు తరచూ వికృతాకారులే. భక్తిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కుంచె ఎవరి పక్కన నిలబడి చూస్తున్నదో గమనించమంటున్నాను.

ఎందుకంటే ఇదే అడవిలో మరో చిత్రకళ ఉంది. కోయల పడిగెలు. మూడు మూలల గుడ్డ మీద గోత్రం పుట్టుక, వేల్పులు, పూర్వీకులు బొమ్మలై నిలుస్తారు. డోలి వాయిస్తూ ఆ కథ పాడితేనే పడిగెకు ప్రాణం. 2022లో పద్మశ్రీ అందుకున్న మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు ఆ పాటను కోయలోనూ తెలుగులోనూ నిలిపారు. 2024లో ఆయన కన్నుమూశారు. పడిగె మీది వేల్పు అడవిలో ఎదురైతే కోయవాడు పారిపోడు, తన వంశపు పెద్దగా మొక్కుతాడు.

మన చిత్రకారులెవరైనా హుంబాబాను గీయదలిస్తే, సిప్పరు బొమ్మలోని గీతను తీసుకోండి, చూపు మాత్రం పడిగె నుంచి తెచ్చుకోండి. ఆ కీచురాళ్లనూ కోతులనూ అతని చుట్టూ కొలువు తీర్చండి. గొడ్డలి పట్టిన రాజు ముఖాన్ని కూడా అంతే శ్రద్ధగా గీయండి.

నిర్వాహకులకు ఒక్క విన్నపం. వచ్చే సదస్సులో పడిగె కథ పాడే డోలి కళాకారులను ప్రదర్శనకు మాత్రమే పిలవకండి, పత్రం సమర్పించేవారి వరుసలో కూర్చోబెట్టండి. ఇక మొదటి వక్తను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.