రాత్రివేళ సంఘం



1913లో ప్రథమాంధ్ర మహాసభకు చోటిచ్చిన ఊరు బాపట్ల. ఆ ఊరి సముద్రతీరాన, ఈ సూర్యలంకలో, క్రైస్తవ సాహిత్య సదస్సుకు అధ్యక్షత వహించే గౌరవం నాకు దక్కింది. పిలిచిన తెనాలి, బాపట్ల, రేపల్లె మిత్రులకు కృతజ్ఞతలు. ఇలాంటి వేదికల మీద గతవైభవం చెప్పుకోవడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక్క ప్రశ్నకు జవాబు కోసమే గతంలోకి వెళతాను. శనివారం రాత్రి మన యువతీయువకులు ఉండే చోటికి సంఘం వెళ్లాలా? వెళితే ఏం చేయాలి?

ఇక్కడి శనివారం సాయంత్రం మీకు తెలిసిందే. గుంటూరు, విజయవాడ, హైదరాబాదుల నుంచి కార్లు వస్తాయి. బాపట్ల హాస్టళ్ల పిల్లలు ఒక్కో బండి మీద ముగ్గురేసి దిగుతారు. చేపల వేపుడు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఫోన్లో పాటలు. పొద్దుగూకాక కొందరి చేతుల్లో సీసాలు కనబడతాయి. తిరిగి బాపట్ల చేరాలంటే సుమారు 9 కిలోమీటర్ల దారి. బండి నడిపేవాడు ఎంత తాగాడో, వెనక కూర్చున్న పిల్ల ఎంత భయపడుతోందో ఎవరికీ పట్టదు. ఈ తీరంలో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. మర్నాడు ఆరాధనలో ఆ పిల్లల గురించి మన నోట వచ్చే మాట ఒక్కటే: ‘లోకంలో పడిపోయారు’. ఆ మాట అన్నాక ఇక చేయాల్సిందేమీ లేదనుకుంటున్నాం. నా బాధ అది.

తెలుగు సంఘానికి రాత్రి కొత్త కాదు. 1842లో హయ్యర్ దొర గుంటూరుకు వచ్చి లూథరన్ మిషన్‌కు పునాది వేశాడు. ఆ తర్వాత పల్లెపల్లెకూ సువార్త మోసినవాళ్లు మన ఉపదేశులే. జనం పగలంతా చేలల్లో కూలికి ఉంటే వాళ్లు పొద్దుపోయాక పాలెం చేరేవారు. లాంతరు చుట్టూ కీర్తన, ప్రార్థన, నాలుగు అక్షరాలు. కూలివాడికి ఎప్పుడు తీరికైతే అప్పుడే గుడి, అప్పుడే బడి. నేటికీ వాచ్‌నైట్ సర్వీసు, ఇల్లిల్లూ తిరిగే క్రిస్మస్ కేరల్స్, ఆల్‌నైట్ ప్రార్థనలు, తెల్లవారకముందే సమాధుల తోటకు చేరే ఈస్టరు మనకున్నాయి. అంటే మన ప్రహరీ లోపలి రాత్రి మనకు బాగా తెలుసు. గోడ దాటితే తెలియదు.

ఈ తీరానికి మరచిపోలేని రాత్రి మరొకటి ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్న సుమారు వంద మంది, ఆ కట్టడం కూలి ప్రాణాలు పోగొట్టుకున్నారు. తలచుకుంటే ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది. అయినా ఒక సంగతి చూడండి. ప్రాణభయం పట్టుకున్నప్పుడు జనానికి తోచిన ఆశ్రయాల్లో చర్చి ఒకటి. ఈ శనివారం రాత్రి తోడు లేక బెదిరిపోయిన అమ్మాయికి చర్చి గుర్తొస్తుందా? వచ్చినా గేటు తీసి ఉంటుందా?

వెళ్లడం ఒక్కటే చాలదు. ఎలా వెళ్లామన్నది అంతకన్నా ముఖ్యం. ఈ పాఠం మన పొరుగున స్టువర్టుపురంలోనే ఉంది. 1865లో విలియం బూత్ లండన్ తూర్పు పేటలో బ్లైండ్ బెగ్గర్ అనే సారాయి దుకాణం బయట నిలబడి మాట్లాడాడు. ఆ పరిచర్యే తర్వాత సాల్వేషన్ ఆర్మీ అయింది. తాగుబోతుల వీధిలో పుట్టిన ఆ సంస్థే 1910ల్లో స్టువర్టుపురానికి వచ్చింది. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవారిని పెట్టిన సెటిల్‌మెంటును నడిపింది. చదువు చెప్పింది, పని చూపించింది. సర్కారు తరఫున హాజరూ వేయించింది. ఆ ఊరి పేరుకు అంటిన మచ్చ తరాలు గడిచినా వదల్లేదు. సేవ చేసే చేయి, కాపలా కాసే కన్ను ఒకే మనిషివైతే, సాయం పొందినవాడికి ఆ కన్నే గుర్తుంటుంది. మన యువత దగ్గరికి నిఘా వేయడానికి వెళ్లకూడదు. ‘ఫలానా వారి అబ్బాయి బీచ్‌లో కనిపించాడు’ అన్న మాట అయ్యగారి చెవిన పడిందంటే ఆ పరిచర్య అక్కడితో ముగిసినట్టే.

నిఘా లేకుండా ఎలా వెళ్లాలో చూపినవాళ్లూ ఉన్నారు. 2003లో లండన్‌లో లెస్ ఐజాక్ అనే పాస్టర్ ‘స్ట్రీట్ పాస్టర్స్’ మొదలుపెట్టారు. చర్చి సభ్యులే శిక్షణ తీసుకుని శుక్ర, శనివారాల రాత్రులు క్లబ్బుల వీధుల్లో తిరుగుతారు. తాగి తూలుతున్నవాడికి మంచినీళ్లిస్తారు. ఎత్తుమడమల జోళ్లతో నడవలేక ఉత్తకాళ్లతో పోతున్న అమ్మాయికి హవాయి చెప్పులిస్తారు. దారిలో పగిలిన సీసాలు ఏరేస్తారు. అడిగితే ప్రార్థిస్తారు, అడగకపోతే ప్రసంగం చేయరు. నాకు అది గొప్ప వేదాంతంగా కనిపిస్తుంది. మత్తులో ఉన్న మనిషి దేన్నీ నిర్ణయించుకునే స్థితిలో ఉండడు. అప్పుడు అతని చేతిలో కరపత్రం పెట్టడం అతని బలహీనతను వాడుకోవడమే.

అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం గుర్తు తెచ్చుకోండి. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రలో తూలి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. పౌలు మాట ఆపి కిందికి దిగాడు, కుర్రాణ్ణి కౌగిలించుకున్నాడు. రొట్టె విరవడం, మళ్లీ మాట్లాడడం ఆ తర్వాతే. పడిపోయినవాడి దగ్గరికి దిగివెళ్లే పని ప్రసంగం కన్నా ముందుది.

అందుకే ఈ సదస్సు ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి: లూథరన్, బాప్టిస్టు, కాథలిక్, పెంతెకొస్తు అన్న తేడా లేకుండా తెనాలి, బాపట్ల, రేపల్లె సంఘాలు శనివారాలు పంచుకోవాలి. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి నలుగురేసి, పోలీసులకు ముందే చెప్పి, ప్రథమ చికిత్స నేర్చుకుని తీరానికి రావాలి. ఇక్కడి నీటి లాగుడు తెలిసిన మత్స్యకారులను మొదటి గురువులుగా పెట్టుకోవాలి. మంచినీళ్లు, మందుల పెట్టె, తాగినవాణ్ణి ఇల్లు చేర్చడానికి ఒక ఆటో చాలు. మైకు వద్దు. రెండు: రైల్వే స్టేషన్లకు దగ్గరలో ఉన్న చర్చిలు రాత్రి ఒక గది తెరిచి ఉంచాలి. దీపం, మరుగుదొడ్డి, టీ ఉండాలి. వచ్చినవారి మతం అడగకూడదు. మూడు: ఈ పనిలో ఎంతమంది చేరారో, ఎందరు బాప్తిస్మం తీసుకున్నారో రిపోర్టు రాయకూడదు. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారన్న చరిత్ర మనది కాబట్టి అంకెల మోజు మనకు ఎక్కువ. ఇక్కడ ఆ లెక్క పెడితే స్నేహం వలగా మారుతుంది.

రచయితలకు ఒక మాట. 1941లో జాషువ ‘గబ్బిలం’ రాశాడు. గుడిలో అడుగుపెట్టనివ్వని మనిషి తన గోడు శివుడికి చేరవేయమని, రాత్రిపూట తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలాన్ని వేడుకుంటాడు. పగటి సభలో చోటు లేనివాడికి రాత్రి ఒక శ్రోత దొరికింది. నేటి యువతకు గుడి తలుపులు తెరిచే ఉన్నాయి. అక్కడ వినేవాళ్లే కరువు. ఉద్యోగం రాని దిగులు, చెదిరిన ప్రేమ, ఇంట్లో చెప్పుకోలేని భయం, ఇవన్నీ వాళ్లు అర్ధరాత్రి స్నేహితుడితో మాట్లాడుకునే తెలుగులోనే మన కథల్లోకి, పాటల్లోకి రావాలి. వాళ్ల మాట వినకుండా ఆ తెలుగు మనకు పట్టుబడదు.

తీర్మానాల కూర్పులో ఈ మూడింటినీ చర్చకు పెట్టమనీ, ఆ చర్చలో ముందుగా విద్యార్థులనే మాట్లాడనివ్వమనీ నిర్వాహకులను కోరుతున్నాను. వాళ్లు నా ప్రతిపాదనలను కాదంటే వాళ్లు చెప్పిందే రాసుకుందాం.