సైకిలు చప్పుళ్ళు

సైకిలు తొక్కుట ఎరిగిన ప్రతివారికిని ఒక చప్పుడు పరిచితము. కాళ్ళు ఆపగానే వెనుక చక్రమునుండి టికటికమని వినవచ్చునది. అది ఫ్రీవీలు చేయు చప్పుడు. నేడు మనము ముచ్చటింపబోవు ఫిక్సెడ్ గేరు సైకిలునకు ఆ చప్పుడు లేదు. ఏలయన దానికి ఫ్రీవీలే లేదు. వెనుక పండ్లచక్రము హబ్బునకు గట్టిగా బిగింపబడి యుండును. చక్రము తిరిగినంతసేపు పెడళ్ళును తిరుగవలసినదే. వేగము తగ్గవలెనన్న కాళ్ళతో పెడళ్ళను వెనుకకు అదిమి పట్టవలెను. పందెముల వెలోడ్రోములలో నేటికిని ఇట్టి సైకిళ్ళే నడచుచున్నవి. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో అట్టి వెలోడ్రోము ఒకటి కలదు. న్యూయార్కు వంటి నగరములలో కాగితములు చేరవేయు సైకిలు దూతలు దీనిని వీధులలో విరివిగా వాడిరి. వారిని చూచి ఆఫీసులకు పోవువారును మోజుపడిరి.

ఈ సైకిలు సహజముగా మూగది. అందుచేత చిన్న కిర్రు కూడ చెవిని పడును. అయితే ఆ కిర్రు ఎచ్చటిదో పోల్చుకొనుటలో ఒక చిక్కు కలదు. మామూలు సైకిలు మీద చప్పుడు వినవచ్చినపుడు కాళ్ళు ఆపి చూతుము. చప్పుడు ఆగెనా, దోషము పెడళ్ళలోనో చెయినులోనో ఉన్నది. ఆగలేదా, చక్రములలో ఉన్నది. ఈ సైకిలుమీద కాళ్ళు ఆపుట పొసగదు. అందులకు బదులు చప్పుడును లెక్కపెట్టవలెను.

ముందు పండ్లచక్రమునకు 48 పండ్లు, వెనుకదానికి 16 ఉన్నవనుకొందము. పెడలు ఒకమారు తిరుగునప్పటికి చక్రము మూడు మారులు తిరుగును. కుడికాలు క్రిందికి వచ్చినపుడెల్ల ఒక్క టక్కు వినవచ్చినచో దోషము పెడలులోనో, క్రాంకులోనో, క్రాంకుల నడుమ ఇరుసులోనో ఉన్నది. పాత సైకిళ్ళలో క్రాంకును పట్టియుంచు కాటరు పిన్ను వదులైనను వరుస ఇదే. ఒక తొక్కుడునకు మూడు చప్పుళ్ళు వచ్చినచో చక్రములను చూడవలెను: వదులైన పుల్ల యుండవచ్చును, మడ్‌గార్డు తగులుచుండవచ్చును. ముందు చక్రమును పైకెత్తి చేతితో త్రిప్పిచూచిన, రెండింటిలో ఏది దోషియో తేలును. ఇక రెండు తొక్కుళ్ళు పూర్తియై మూడవది మొదలగునప్పటికి ఒకమారు టక్కుమనునది చెయిను. 100 లంకెల చెయినును ఒక తొక్కుడు 48 లంకెలు మాత్రమే లాగును గదా! బిగుసుకొనిపోయిన లంకె ఒక్కటి ఉన్నచో దాని వంతు అంత ఆలస్యముగా వచ్చును.

48, 16 అను లెక్కలో మరియొక తమాషా కలదు. కొందరు కుర్రవారు పెడళ్ళు బిగబట్టి వెనుక చక్రమును రోడ్డుపై జార్చి ఆపుదురు. ఎల్లప్పుడు ఒకే కాలు ముందుంచి జార్చినచో, నిష్పత్తి సరిగా మూడు గనుక, టైరు ప్రతిసారి ఒకేచోట నేలను రాచుకొనును. కొన్నాళ్ళకు అచ్చట గుండ్రదనము పోయి దబదబమనుట మొదలగును. ముందు 48కి బదులు 47 పండ్లు ఉన్నచో ఆ అరుగుదల 16 చోట్లకు పంచబడును. ఒక్క పన్ను తేడా!

సీటు కిర్రు సంగతి తేలిక. లేచి నిలబడి తొక్కినపుడు మాయమైనచో అది సీటుదే. సీటు గొట్టమును తీసి, తుడిచి, గ్రీజు రాచి పెట్టవలెను.

చెయిను బిగువును గూర్చి మాత్రము కొంత విపులముగా చెప్పవలసి యున్నది. మరీ బిగువైనచో గుర్రుమను చప్పుడు వచ్చును, బేరింగులును త్వరగా అరుగును. మరీ వదులైనచో పండ్లనుండి జారిపడును. అప్పుడు కాళ్ళతో ఆపు శక్తి పోవుటయే కాక, వెనుక చక్రము పట్టుకొనిపోవుటయు కలదు. నడుమ వ్రేలితో నొక్కినపుడు అర అంగుళము ఆడవలెను. పండ్లచక్రములు పూర్ణముగా గుండ్రముగా ఉండుట అరుదు. కావున పెడలును మెల్లగా త్రిప్పి, చెయిను అన్నిటికంటె బిగువుగానున్న చోట ఈ కొలత చూడవలెను. కాని వెనుక చక్రమును పైకెత్తి వడిగా త్రిప్పుచు చెయిను దగ్గరకు వ్రేలుగాని గుడ్డగాని తీసికొనిపోరాదు. ఫ్రీవీలు సైకిలులో వ్రేలు చిక్కినపుడు చెయిను ఆగుటకు అవకాశము కలదు. ఇందులో తిరుగుచున్న చక్రపు ఊపంతయు చెయినును లాగుచునే యుండును. వ్రేళ్ళు తెగిపోయినవారు కలరు. నూనె వేయునపుడును చక్రము ఆగియుండగా ఒక్కొక్క లంకెకు ఒక్కొక్క బొట్టు వేయుట మేలు.

ఎంతమాత్రము ఉపేక్షింపరాని చప్పుడు ఒకటి కలదు. పెడళ్ళను వెనుకకు అదిమినపుడు ఠక్కని ఒకటి, మరల ముందుకు తొక్కినపుడు మరియొకటి. ఇది చెయిను వదులు వలననైనను కావచ్చును, వెనుక పండ్లచక్రము సడలుట వలననైనను కావచ్చును. రెండింటికిని భేదము కనిపెట్టుట ఇట్లు: చక్రమును కదలకుండ పట్టుకొని పెడలును ముందునకు వెనుకకు ఆడింపుడు. చెయిను పైభాగము, క్రిందిభాగము వంతులవారీగా బిగిసి, పండ్లచక్రము కదలకున్నచో భయము లేదు. హబ్బు నిలిచియుండగా పండ్లచక్రము రవంత తిరిగినచో ఆ సైకిలును నడిపించుకొనుచు ఇంటికి పోవుడు.

పండ్లచక్రము కుడి మర మీద ఎక్కును. దానిని పట్టియుంచు లాకురింగు ఎడమ మర మీద బిగియును. వెనుకకు అదిమిన కొలదియు పండ్లచక్రము ఊడజూచును, లాకురింగు అడ్డుపడును. లాకురింగు సడలినచో హబ్బు మరలే చెరిగిపోవును, నడిబజారులో కాళ్ళు ఊరక తిరుగును. ఖర్చు కలసివచ్చునని, ఫ్రీవీలు కొరకు చేసిన హబ్బునకు పండ్లచక్రము తొడిగి జిగురు పూసి నడుపువారు కలరు. అందు ఎడమ మరయే ఉండదు. అది మాకు సమ్మతము కాదు. వీధిలో తిరుగు సైకిలునకు ముందు బ్రేకు లేకుండుటయు సమ్మతము కాదు. బ్రిటనులో 1983 నాటి నిబంధనలు ఇట్టి సైకిలునకు ముందు బ్రేకును విధించినవి.

క్రొత్త పండ్లచక్రము వేసినపుడు లాకురింగును ఒకమారు బిగించి ఊరకుండరాదు. బంజారా హిల్సు వంటి ఎత్తురోడ్డు మీద బలముగా తొక్కుచు ఒకమారు ఎక్కినచో పండ్లచక్రము తన మరపై ఇంకను బిగియును, దానికిని లాకురింగునకును నడుమ సందు ఏర్పడును. దిగుటకు ముందే, పైననే ఆగి, లాకురింగును మరల బిగింపవలెను.