చిత్రకారునిపై స్తంభపు ఋణము



న్యాయవాదిని గనుక చిత్రకారుని జీవితమును సైతము దావా కాగితముల వైపునుండియే చూచితిని, మన్నింపుడు. ఫ్రాన్సు దేశపు గుస్తావ్ కూర్బే తలపై పడిన బాకీ 3,23,091 ఫ్రాంకుల 68 సాంతీములు.

ఆయన 1819లో ఓర్నాన్ అను చిన్న పట్టణమున, భూవసతి గల కుటుంబమున జన్మించెను. న్యాయశాస్త్రము చదువుటకై 1839లో పారిస్ చేరి కుంచె పట్టెను. మా వృత్తికి కలిగిన నష్టము స్వల్పమే.

పెద్ద పటములు దేవతలకును, రాజులకును, యుద్ధవీరులకును చెల్లునని నాటి పండితుల మతము. కూర్బే తన యూరి సామాన్యుని అంత్యక్రియను 10 అడుగుల ఎత్తు, దాదాపు 22 అడుగుల వెడల్పు గల బట్టపై చిత్రించెను. అందు మోకరిల్లిన కాటికాపరి, పురోహితులు, ఏడ్చు స్త్రీలు, ఒక కుక్క, అందరును నిలువెత్తువారే. చనిపోయినవాడెవరో పటము చెప్పదు. వికారమని విమర్శకులు దుమ్మెత్తిపోసిరి. బాటప్రక్క రాళ్లు కొట్టు వృద్ధుని, యువకుని చిత్రించిన మరియొక పటమున వారి ముఖములు సరిగా కానరావు. చిరిగిన బట్టలే కానవచ్చును. ఆ పటము 1945లో డ్రెస్డెన్ బాంబుదాడులలో నశించినది.

1855 మహాప్రదర్శనమున తన ముఖ్యచిత్రములను నిరాకరింపగా, దాని చెంతనే సొంత మంటపము కట్టి, రుసుము పెట్టి, యథార్థవాదమని బోర్డు తగిలించెను. అహంకారి యనుట నిజము. 1870లో ప్రభుత్వ బిరుదమును త్రోసిపుచ్చెను.

ఇక స్తంభము. నెపోలియన్ విజయములకు గుర్తుగా వాందోమ్ కూడలియందు నిలిచిన దానిని ఊడదీయుడని 1870 సెప్టెంబరులో కూర్బేయే విన్నపము వ్రాసెను. దానిని నేను కాదనను. కాని పారిస్ కమ్యూను దానిని కూల్చ నిర్ణయించినది 1871 ఏప్రిల్ 12న. ఆయన ఆ సభకెన్నికైనది 16న. తేదీలు చూడుడు! మే 16న స్తంభము కూలెను. కమ్యూను నణచిన పిమ్మట సైనిక న్యాయస్థానము ఆరు మాసముల చెర, 500 ఫ్రాంకుల జరిమానా విధించెను. ఒక నేరమునకు ఒక శిక్ష యైనదని మనమందుము. 1873లో వచ్చిన క్రొత్త ప్రభుత్వమునకు అది చాలలేదు. పునర్నిర్మాణ వ్యయమంతయు ఆయన నెత్తిన వేసి ఆస్తి జప్తు చేసెను. ఆయన స్విట్జర్లండుకు పారిపోయెను. ఏటికి 10,000 చొప్పున 33 ఏండ్ల వాయిదాలు నిర్ణయమయ్యెను. మొదటి వాయిదా 1878 జనవరి 1. కూర్బే 1877 డిసెంబరు 31న మరణించెను.

అన్నను పరదేశము పట్టించిన ప్రభుత్వమునకే సోదరి జూలియెత్ 1881లో ఆ అంత్యక్రియల చిత్రమును దానమిచ్చినది. నేడది పారిస్‌నందలి ఓర్సే మ్యూజియమున నున్నది.