పాత వ్యాన్‌లో ఏసీ: ముందు ఈ లెక్క చూడండి

లాల్‌దర్వాజా గల్లీలో నా వెనక ఉన్నది పాత మెటడోర్ వ్యాన్. లోపల మంచం, స్టవ్ అన్నీ సెట్ చేశాం, ఇక ఏసీ పెట్టాలి.

చిన్న బండే కదా అనుకోకండి. ఎండలో రేకు పెనంలా కాలుతుంది. అందుకే ముందు పైకప్పుకి, గోడలకి ఇన్సులేషన్ వేయండి.

ఇప్పుడు లెక్క. ముప్పావు టన్ను ఏసీ 800 వాట్లు తీసుకుంటుంది అనుకుందాం. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్ అవర్లే, గంటన్నర కూడా రాదు. రాత్రంతా కావాలంటే ఇంటి కరెంటే దిక్కు.

విండో ఏసీ వెనక భాగం బయటే ఉండాలి, లేకపోతే తీసిన వేడి మళ్లీ లోపలికే వస్తుంది. బాడీ కోసే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

జనరేటర్‌ని మాత్రం లోపల గానీ, కిటికీ పక్కన గానీ పెట్టొద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చల్లదనం కంటే ప్రాణం ముఖ్యం కదా!

మీ బండి ఏదో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!